మార్షల్ ఆర్ట్స్ మొదలుపెట్టేవాళ్లకు: గుమ్మం దాటడం నుంచి మొదటి ఏడాది దాకా

క్లాసులో చేరాలని అనుకోవడానికీ, నిజంగా చేరడానికీ మధ్య నాకు నాలుగేళ్లు పట్టింది. ముందు కాస్త బరువు తగ్గాక చేరదాం అనుకున్నాను. ఆ తర్వాత స్టామినా పెంచుకుని చేరదాం అనుకున్నాను. చివరికి ముప్పై ఆరేళ్ల వయసులో, బరువేమీ తగ్గకుండానే, మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితిలోనే వెళ్లాను. వెళ్లాక చూస్తే అక్కడున్నవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. కాబట్టి మీరూ ఇప్పుడున్న ఒంటితోనే వెళ్లండి. కావలసిన ఓపిక ఆ క్లాసే ఇస్తుంది.

ఇన్నేళ్లలో కొత్తగా చేరి మానేసినవాళ్లను ఎంతోమందిని చూశాను. చేతకాక మానేసినవాళ్లు చాలా తక్కువ. మొదటి నెలల్లోనే దెబ్బ తగిలించుకున్నవాళ్లు, తమకు సరిపడని చోట చేరినవాళ్లు, పక్కవాళ్లతో పోల్చుకుని డీలా పడిపోయినవాళ్లే ఎక్కువ. ఈ మూడూ తప్పించుకోగలిగినవే. మొదటి ఏడాది మీకున్న పనల్లా ఒక్కటే: ఒళ్లు జాగ్రత్తగా చూసుకుని, వచ్చే క్లాసుకి మళ్లీ వెళ్లగలగడం. కింద చెప్పేదంతా దానికోసమే.

మొదటి అడుగు: మీకేం కావాలో తేల్చుకోండి

దీనికి ఎక్కువసేపు పట్టదు. ఆరోగ్యం కోసమా, ఆత్మరక్షణ కోసమా, పోటీల్లో దిగాలనా, లేక చిన్నప్పటి నుంచి ఉన్న ఇష్టం తీర్చుకోవాలనా? ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. అది ఏడాది తర్వాత మారిపోవచ్చు, ఫర్వాలేదు. కానీ క్లాసు ఎంచుకునేటప్పుడు ఆ వాక్యం చేతిలో ఉంటే, ఎవరో చెప్పారని ఎటో వెళ్లిపోకుండా ఉంటారు.

ఆత్మరక్షణ కోసం వచ్చేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. ఆరు నెలల శిక్షణతో కత్తి పట్టుకున్నవాణ్ణి ఆపగలమని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి గురువులందరూ మొదట చెప్పేది తప్పుకుని పారిపోవడం గురించే. శిక్షణ వల్ల నిజంగా వచ్చేవి వేరే ఉన్నాయి. చుట్టూ ఏం జరుగుతోందో గమనించే అలవాటు వస్తుంది. ఎవరైనా పట్టుకుంటే కొయ్యబారిపోకుండా కదలగలుగుతారు. పడితే ఎముక విరగకుండా పడటం తెలుస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు.

రెండో అడుగు: ఏ విద్య?

పేర్లు వందల్లో ఉన్నాయి గానీ, కొత్తవాళ్లు ముందు చూడాల్సింది ఆ విద్యలో ఒంటికి ఏ రకమైన పని పడుతుంది అన్నదే.

కరాటే, తైక్వాండో, బాక్సింగ్, ముయే థాయ్ ప్రధానంగా కొట్టే విద్యలు. బాక్సింగ్‌లో చేతులు మాత్రమే వాడతారు. ముయే థాయ్‌లో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, కాళ్లు అన్నీ వాడతారు కాబట్టే దాన్ని ఎనిమిది అవయవాల కళ అంటారు. తైక్వాండోలో కాళ్లదే పెద్దపీట. కరాటేలో చాలా శైలులకు కతా అనే వరుసకట్టిన కదలికల సాధన ఉంటుంది. ఒంటరిగా, నిదానంగా, పద్ధతిగా నేర్చుకోవడం ఇష్టమైనవాళ్లకు అది బాగా నచ్చుతుంది.

జూడో, కుస్తీ, బ్రెజిలియన్ జియు-జిట్సు పట్టు విద్యలు. జూడోలో నిలబడి ఎత్తి పడెయ్యడం ఎక్కువ. బ్రెజిలియన్ జియు-జిట్సులో నేల మీద పట్లు, కీలును కదలకుండా బిగించే లాకులు, మెడ పట్లు ఎక్కువ. వీటిలో ఒక సౌకర్యం ఉంది. తలకు దెబ్బ తగలకుండానే ఎదుటి మనిషితో దాదాపు పూర్తి బలంతో సాధన చెయ్యవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, మరో మనిషి బరువు మీ ఛాతీ మీద ఉంటుంది, మొహం మీద చెమట పడుతుంది. కొంతమందికి మొదటి వారాల్లో అది ఊపిరాడనట్టు అనిపిస్తుంది. అలవాటవుతుంది. అలవాటు కాకపోతే వేరే విద్య ఉంది.

అయికిడో, తైచీ, కలరిపయట్టు లాంటివి మరో దారి. కలరిలో ముందు ఒంటిని వంచే సాధన, ఆ తర్వాత కర్ర, ఆపైన లోహపు ఆయుధాలు, చివరికి వట్టి చేతులు. ఇలా మెట్టు మెట్టుగా నడుస్తుంది. ఓపిక ఉన్నవాళ్లకు గొప్ప విద్య.

"ఏది బెస్ట్?" అని నన్ను అడిగితే నా సమాధానం ఎప్పుడూ ఒకటే. మీరు వారానికి రెండుసార్లు సులువుగా వెళ్లగలిగే దూరంలో, మంచి గురువు దగ్గర ఏది ఉంటే అది. గంట ప్రయాణం చేసి వెళ్లే గొప్ప క్లాసు కంటే పది నిమిషాల దూరంలోని మంచి క్లాసు మిమ్మల్ని ఎక్కువ కాలం నిలబెడుతుంది.

ఇక "నా ఒళ్లు దీనికి పనికిరాదేమో" అనే భయం. జూడోను రూపొందించిన జిగొరో కానో చిన్నప్పుడు సన్నగా, పొట్టిగా ఉండేవాడు. బడిలో బలమైన పిల్లల చేతిలో ఇబ్బందులు పడ్డాడు. జపాన్ పాత పట్టు విద్య అయిన జుజుత్సు నేర్చుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. 1882లో కొడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టేనాటికి ఆయన వయసు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. ఒకినావా నుంచి కరాటేను జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్లి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడైన గిచిన్ ఫునకోషి చిన్నతనంలో బలహీనంగా, జబ్బులతో ఉండేవాడు. సాధన చేస్తూ కోలుకున్నాడు. ఈ విద్యలు వస్తాదుల కోసమే పుట్టాయనుకునేవాళ్లు ఈ ఇద్దరినీ తలచుకోవాలి.

మూడో అడుగు: గురువును చూసి చేరండి

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. చేరే ముందు ఒక క్లాసు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. చూడనివ్వం అంటే అక్కడితో ఆపెయ్యండి.

చూసేటప్పుడు కళ్లు గురువు మీద కంటే క్లాసులో అందరికంటే వెనకబడ్డ విద్యార్థి మీద పెట్టండి. ఆ మనిషి తప్పు చేసినప్పుడు గురువు ఏం చేస్తున్నారు? దగ్గరికి వెళ్లి పాదం ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారా, లేక అందరి ముందూ చులకన చేస్తున్నారా? సీనియర్లు కొత్తవాళ్లతో జోడీ కట్టినప్పుడు బలం తగ్గించుకుంటున్నారా? దెబ్బ తగిలినవాళ్లను కూర్చోబెడుతున్నారా, "ఇంతదానికేనా, లే" అంటున్నారా? మీరు చేరాక మీకు జరగబోయేది అదే.

క్లాసు అయ్యాక నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు నేర్చుకున్నారు? కొత్తవాళ్లు స్పారింగ్‌లోకి, అంటే జోడీతో ఎదురెదురుగా తలపడే సాధనలోకి, ఎప్పుడు వెళ్తారు? దెబ్బ తగిలితే ఇక్కడ ఏం చేస్తారు? బెల్ట్ పరీక్షలు, ఫీజులు ఎలా ఉంటాయి? మంచి గురువు వీటికి చిరాకు పడరు.

కొన్ని చోట్ల నుంచి వెంటనే వెనక్కి వచ్చెయ్యాలి. ఫలానా గడువులోగా బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అనేవాళ్లు, మొదటి రోజే రెండు మూడేళ్ల ఫీజు కాంట్రాక్టు మీద సంతకం పెట్టమనేవాళ్లు, మా విద్య చాలా ప్రమాదకరం కాబట్టి స్పారింగే చెయ్యం అనేవాళ్లు, వేరే క్లాసులకు వెళ్తే ఊరుకోం అనేవాళ్లు. మొదటి వారమే కొత్తవాళ్లను సీనియర్ల ముందు నిలబెట్టి కొట్టించే చోటు వీటన్నిటికంటే ప్రమాదం.

ఆడవాళ్లకు, పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులకు మరో మాట. ఈ విద్యల్లో ఒళ్లు తగలకుండా నేర్పడం కుదరదు. అందుకే ఆ తాకడం ఎందుకో గురువు ముందే చెప్పి, అందరూ చూస్తుండగా చూపించాలి. ఏ జోడీతోనైనా సాధన చెయ్యను అనే హక్కు మీకుంది, కారణం చెప్పాల్సిన అవసరం లేదు. మొదటి క్లాసుకి తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. మనసుకి ఏదో తేడాగా అనిపిస్తే మొహమాటపడి కొనసాగించకండి. పిల్లల క్లాసును ఎప్పుడైనా వచ్చి చూసే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉండాలి.

నాలుగో అడుగు: వెళ్లేముందు

గుండె, బీపీ, ఆస్తమా, వెన్ను, మోకాలు ఇలాంటి సమస్యలేవైనా ఉంటే, లేదా నలభై దాటి చాలా ఏళ్లుగా వ్యాయామం లేకపోతే, ముందు డాక్టర్‌ను కలవండి. తర్వాత ఆ విషయం గురువుకీ చెప్పండి. పాత మోకాలి నొప్పి ఉందని దాచిపెట్టి చేరడం వల్ల ఎవరికీ లాభం లేదు.

మొదటి నెల ఏమీ కొనకండి. వదులైన ట్రాక్ ప్యాంటు, జిప్పులు, జేబులు లేని టీషర్టు చాలు. జేబులో వేళ్లు ఇరుక్కుని బెణికిన సంఘటనలు చూశాను. గోళ్లు చేతులవీ, కాళ్లవీ పూర్తిగా కత్తిరించుకోండి. ఉంగరాలు, గొలుసులు, చెవిపోగులు తీసెయ్యండి. మంచినీళ్ల సీసా, తువ్వాలు, చెప్పులు తీసుకెళ్లండి. మ్యాట్ దిగగానే చెప్పులు వేసుకోవాలి, చెప్పులతో మ్యాట్ ఎక్కకూడదు.

శుభ్రత గురించి గట్టిగా చెప్పాలి. ఒకే మ్యాట్ మీద పదిమంది చెమట పడుతుంది కాబట్టి తామర, చర్మపు ఇన్ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి. క్లాసు అయిన వెంటనే స్నానం చెయ్యండి. డ్రెస్ ప్రతిసారీ ఉతకాలి, "ఈసారికి ఆరబెట్టి వాడేద్దాం" అనకూడదు. ఒంటి మీద గుండ్రని ఎర్రమచ్చ గానీ, చీము పట్టిన కురుపు గానీ కనిపిస్తే అది తగ్గేదాకా మ్యాట్ ఎక్కకండి. మీ కోసమే కాదు, మీ జోడీ కోసం కూడా.

నెల తర్వాత కొనసాగుతారని నమ్మకం కుదిరాక కొనుక్కోవచ్చు. కొట్టే విద్యలైతే ముందు మౌత్‌గార్డ్, చేతికి చుట్టుకునే పట్టీలు, ఆ తర్వాత గ్లవ్స్. పెద్దవాళ్లకు నాలుగున్నర మీటర్ల పట్టీ సరిపోతుంది. స్పారింగ్‌కి చాలా చోట్ల 16 ఔన్సుల గ్లవ్స్ వాడమంటారు, వాటి మెత్తదనం ఎక్కువ. ఏ సైజు కావాలో మీ గురువునే అడగండి.

ఐదో అడుగు: మొదటి రోజు

పది నిమిషాలు ముందే వెళ్లి, గురువుకి "ఇది నా మొదటి క్లాసు" అని చెప్పండి. ఎక్కడ నిలబడాలి, వంగి నమస్కారం ఎప్పుడు చెయ్యాలి, గురువును ఏమని పిలవాలి ఇవన్నీ పక్కవాళ్లను చూసి చేసెయ్యవచ్చు. తప్పు చేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

వార్మప్‌లోనే ఊపిరి అందకపోవచ్చు. నాకు పన్నెండో నిమిషానికే కళ్లు బైర్లు కమ్మాయి, గోడవారగా కూర్చున్నాను. ఒక సీనియర్ అక్క వచ్చి నీళ్లిచ్చి, "మొదటి రోజు నేనూ ఇక్కడే కూర్చున్నానండీ" అంది. అలా కూర్చోవడం తప్పు కాదు. కళ్లు తిరుగుతుంటే, గుండె మరీ దడదడలాడుతుంటే చెప్పి పక్కకి రండి. కుదుటపడ్డాక మళ్లీ వెళ్లండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఆ రోజు అక్కడితో ఆపి వెంటనే వైద్యం చూసుకోవాలి.

కుడీ ఎడమా తికమక అవుతాయి. గురువు చూపించింది అర్థమైనట్టే ఉంటుంది, చెయ్యబోతే కాలో దారి, చెయ్యో దారి. అది మామూలే. మొదటి రోజు మొత్తంలో ఒక్క విషయం పట్టుకోండి చాలు. కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలన్నదే అయినా సరే. ఇంటికెళ్లి ఒక పుస్తకంలో మూడు లైన్లు రాయండి: ఏం నేర్పారు, నేను చేసిన తప్పు ఏమిటి, వచ్చేసారి ఏం అడగాలి. ఆ పుస్తకం ఆర్నెల్ల తర్వాత మీకు ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

ఆరో అడుగు: ముందు పడటం నేర్చుకోండి

జూడోలో దీన్ని ఉకెమి అంటారు. మీరు బాక్సింగ్‌లో చేరినా సరే, ఎవరినైనా అడిగి ఇది నేర్చుకోమంటాను. మిగతా విద్యంతా వాడే అవసరం జీవితంలో ఎప్పటికీ రాకపోవచ్చు. తడి నేల మీద జారిపడటం మాత్రం అందరికీ జరుగుతుంది.

వెనక్కి పడేటప్పుడు మనిషి సహజంగా చేసే పని చెయ్యి వెనక్కి చాచి నేలకు ఆన్చడం. ఒంటి బరువంతా ఆ మణికట్టు మీద పడి ఎముక విరుగుతుంది, లేదా ఆ అదురు భుజం దాకా వెళ్లి కాలర్ బోన్ విరుగుతుంది. రెండో ప్రమాదం తల వెనక భాగం నేలకు కొట్టుకోవడం. ఈ రెంటినీ తప్పించడానికే ఉకెమి.

సాధన ఇలా. గురువు కళ్ల ముందు, మెత్తటి మ్యాట్ మీద మాత్రమే చెయ్యండి. ముందు మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, తల కొద్దిగా ఎత్తి, గడ్డం ఛాతీకి ఆనించండి. చూపు మీ బెల్ట్ ముడి మీద ఉండాలి. అక్కడ చూస్తున్నంతసేపూ తల వెనక్కి వాలదు. ఇప్పుడు రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని, ఒక్కసారిగా రెండు పక్కలా మ్యాట్‌ను చరచండి. అరచేతులు కిందికి ఉండాలి. అరచేయి నుంచి మోచేయి దాకా మొత్తం ఒకేసారి తగలాలి, మోచెయ్యి ముందు తగలకూడదు. చేతులు ఒంటికి దాదాపు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. భుజాల ఎత్తుకి చాపితే ఆ అదురంతా భుజానికే తగులుతుంది. చరిచేటప్పుడు ఊపిరి బయటికి వదిలెయ్యండి, బిగపట్టకండి.

ఇది ఇరవై సార్లు. తర్వాత గొంతుకూర్చుని, వీపును గుండ్రంగా చేసి, పిరుదుల మీదుగా వెనక్కి దొర్లుతూ అదే చెయ్యండి. కొన్ని వారాలకు సగం వంగి, ఆ తర్వాత నిలబడి. తొందరపడి నేరుగా నిలబడే దశకు వెళ్లినవాళ్లే తల కొట్టుకుంటారు. పక్కకి పడటం, ముందుకి దొర్లడం కూడా ఇలాగే కింది నుంచి పైకి నేర్చుకోవాలి.

నాకు ఇది ఒంటబట్టడానికి మూడు నెలలు పట్టింది. ఒకరోజు బాత్రూంలో కాలు జారింది. నేను ఏదో ఆలోచించేలోగానే గడ్డం లోపలికి వెళ్లింది, చెయ్యి నేలను చరిచింది. అరచెయ్యి ఎర్రబడింది, అంతే. ఫీజు మొత్తం ఆ రోజే తీరిపోయిందనిపించింది.

ఏడో అడుగు: పిడికిలి, నిలబడటం, తన్నడం

పిడికిలి బిగించడం అందరికీ తెలుసనుకుంటాం. నాలుగు వేళ్లూ కొసల నుంచి గట్టిగా మడిచి, బొటనవేలు బయట నుంచి చూపుడు, మధ్య వేళ్ల మీదికి రావాలి. బొటనవేలు లోపల పెట్టి కొడితే అదే విరుగుతుంది. తగలాల్సింది చూపుడు వేలి, మధ్య వేలి మొదటి కణుపులు. ఉంగరపు వేలు, చిటికెన వేలు కణుపులతో గట్టిగా కొడితే వాటి వెనకున్న సన్నటి ఎముకలు విరుగుతాయి. డాక్టర్లు దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. ముంజేతి నుంచి కణుపుల దాకా మణికట్టు వంగకుండా ఒకే గీతలా ఉండాలి. పంచింగ్ బ్యాగ్‌ను మొదటి నెల సగం బలంతోనే కొట్టండి.

నిలబడేటప్పుడు కాళ్లు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి. బాక్సింగ్‌లో కుడిచేతివాటం వాళ్లకు సాధారణంగా ఎడమకాలు ముందు ఉంటుంది, వెనక మడమ కాస్త లేచి ఉంటుంది. చేతులు చెంపల దగ్గర, గడ్డం కిందికి. పంచ్ ఎంత నేరుగా వెళ్తే అంత నేరుగా చెంప దగ్గరికి తిరిగి రావాలి. కొత్తవాళ్లందరూ కొట్టాక చెయ్యి నడుము దాకా జార్చేస్తారు. అద్దం ముందు రోజూ యాభైసార్లు, మెల్లగా, చెయ్యి తిరిగొచ్చే దారిని మాత్రమే చూసుకుంటూ చెయ్యండి. బలం చేతిలోంచి రాదు. వెనక పాదం తిరగడంతో మొదలై, తుంటి మీదుగా, భుజం మీదుగా వస్తుంది.

తన్నేటప్పుడు మోకాలికి దెబ్బ తగిలేది ఎక్కువగా నేల మీదున్న కాలికే. పక్కనుంచి తిప్పి తన్నే రౌండ్ కిక్‌లో నడుము తిరుగుతుంది. పాదం నేలకు అతుక్కుని ఉంటే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. అందుకే పాదం ముందు భాగం మీద తిరగాలి, మడమ టార్గెట్ వైపు రావాలి. గోడ పట్టుకుని, నడుమెత్తులో, నిదానంగా ఈ తిరగడమే ముందు సాధన చెయ్యండి. తల ఎత్తు కిక్కులు తర్వాత వస్తాయి. వాటికోసం తొడ కండరాలు పట్టేలా బలవంతంగా సాగదీయకండి.

ఎనిమిదో అడుగు: ఏ నొప్పి మామూలు, ఏది కాదు

కొత్త పని చేసిన కండరాలు మర్నాటి నుంచి పట్టేస్తాయి. రెండు మూడు రోజులు మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. ఇది మామూలు నొప్పి. రెండు పక్కలా ఉంటుంది, మొద్దుగా ఉంటుంది, మెల్లగా నడిస్తే తగ్గుతుంది. కీలు లోపల సూదిలా పొడిచే నొప్పి, వాపు, ఒక పక్కే ఉండే నొప్పి, టక్‌మని శబ్దం వచ్చి మొదలైన నొప్పి, బరువు ఆన్చలేకపోవడం ఇవి గాయాలు. ఆ రోజుకి ఆపెయ్యాలి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మొదటి రెండు నెలలు వారానికి రెండు క్లాసులు చాలంటాను. ఉత్సాహం కొద్దీ ఐదు రోజులూ వెళ్లాలనిపిస్తుంది. కండరాలు త్వరగా బలపడతాయి, కానీ వాటిని ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి ఎక్కువ కాలం పడుతుంది. ఈ తేడా వల్లే రెండో మూడో నెలలో, ఇక నాకు వచ్చేస్తోంది అనుకునే సమయంలో మోచేతులు, మోకాళ్లు మొరాయిస్తాయి.

పట్టు విద్యల్లో ట్యాప్ అనేది ఒకటుంది. జోడీ లాక్ వేసినప్పుడు అతని ఒంటి మీదో, మ్యాట్ మీదో స్పష్టంగా రెండు మూడుసార్లు తట్టాలి. చేతులు ఇరుక్కుంటే కాలితో, అదీ కుదరకపోతే నోటితో "ట్యాప్" అనాలి. తట్టిన మరుక్షణం ఎదుటివాళ్లు వదిలెయ్యాలి. మీరూ అంతే. మెడ పట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. కీలు లాక్ అయితే నొప్పి తెలిసేలోపే దెబ్బ తగిలే సందర్భాలున్నాయి.

నా అనుభవం చెబుతాను. నాలుగో నెలలో నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన కుర్రాడు నా మోచెయ్యి చాపి లాక్ వేశాడు. ఇంకొక్క క్షణం ఆగితే తప్పించుకోవచ్చు అనుకున్నాను. మోచేతిలో తడిబట్ట పిండినట్టు ఏదో సాగింది. ఆ కుర్రాడు తెల్లబోయి "సారీ అన్నా, సారీ అన్నా" అంటూనే ఉన్నాడు. తప్పు అతనిది కాదు, నేను తట్టలేదు. పది వారాలు మ్యాట్‌కి దూరమయ్యాను. ట్యాప్ చేస్తే పోయేదల్లా అర నిమిషం. లేచి, చేతులు కలిపి, మళ్లీ మొదలుపెడతారు. సందేహంగా ఉంటే ముందే తట్టెయ్యండి. మొదటి ఏడాది ఒక క్లాసులో పదిసార్లు తట్టినా సరే.

తలకు దెబ్బ తగిలితే మాత్రం రాజీ లేదు. తలనొప్పి, వికారం, కళ్లు మసకబారడం, మాట తడబడటం, కొద్ది క్షణాలు గుర్తు లేకపోవడం వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజు శిక్షణ ముగిసినట్టే. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, అయోమయం, మగత ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లక్షణాలన్నీ పోయి, డాక్టర్ సరే అన్నాకే తిరిగి రండి. ఒక దెబ్బ మానకముందే ఇంకోటి తగలడం చాలా ప్రమాదం.

తొమ్మిదో అడుగు: స్పారింగ్

గురువు రమ్మనేదాకా ఆగండి. చాలా చోట్ల మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదటిసారి అందరికీ టెన్షనే. పంచ్ వస్తుంటే కళ్లు మూసుకుపోతాయి, ఊపిరి బిగుసుకుపోతుంది, నేర్చుకున్నదంతా ఎటో పోతుంది. దీనికి ఒక మంచి అభ్యాసం ఉంది. జోడీతో ఎదురెదురుగా నిలబడి, తెరిచిన అరచేత్తో ఒకరి భుజం ఒకరు మెల్లగా తాకే ప్రయత్నం చెయ్యండి. దెబ్బ అనే భయం లేదు కాబట్టి కళ్లు తెరిచి ఉంచడం, తప్పుకోవడం, ఊపిరి వదలడం అలవాటవుతాయి. రెండు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు, కొన్ని వారాలు.

అసలు స్పారింగ్‌కి ముందు జోడీతో "మెల్లగా చేద్దామా?" అని నోటితో అనండి. మీ బలంలో మూడో వంతు మించకండి. ఎదుటివాళ్లు వేగం పెంచుతుంటే "కొంచెం తగ్గిద్దాం" అనండి. వినకపోతే ఆపి, గురువుకి చెప్పండి. ఒక్కో రౌండ్‌కి ఒక్కటే పని పెట్టుకోండి. ఈ రౌండ్‌లో చెయ్యి చెంప దగ్గర నుంచి దిగకూడదు, అంతే. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ ఒక్కటి జరిగితే ఆ రౌండ్ మీదే.

పదో అడుగు: ఉత్సాహం తగ్గే రోజులు

నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య దాదాపు అందరికీ ఒక దశ వస్తుంది. మొదట్లో వారానికో కొత్త విషయం వచ్చేది, ఇప్పుడు నెల గడిచినా ఏమీ మారినట్టు ఉండదు. మీ తర్వాత చేరిన కుర్రవాళ్లు మిమ్మల్ని దాటిపోతుంటారు. అప్పుడు ఆ మూడు లైన్ల పుస్తకం తియ్యండి. రెండో వారంలో మీరు రాసుకున్న తప్పుల్లో ఇప్పుడు ఎన్ని చేస్తున్నారో చూడండి. నా పుస్తకంలో మొదటి పేజీలో "వార్మప్ పూర్తి చెయ్యలేకపోయాను" అని ఉంది. ఆరో నెలలో ఆ లైను చదివేదాకా, వార్మప్ ఎప్పటి నుంచి సులువైపోయిందో నేను గమనించనే లేదు.

ఇంకోటి, మీలాంటి తప్పులతో వచ్చిన కొత్తవాళ్లకు ఉకెమి చూపించండి. మీకు ఎంత వచ్చిందో వాళ్లకు చెబుతున్నప్పుడు తెలుస్తుంది. ఇంట్లో రోజుకి పదిహేను నిమిషాలు చాలు: ఐదు నిమిషాలు ఒళ్లు కదిలించడం, పది నిమిషాలు ఒకే ఒక్క కదలిక. లాకులు, మెడ పట్లు, పడెయ్యడాలు వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి.

బెల్ట్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నిరుత్సాహం చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. బెల్టుల పద్ధతి చాలామంది అనుకునేంత ప్రాచీనం కాదు. పాత జుజుత్సు బడుల్లో రంగు బెల్టులు లేవు, నేర్చుకున్నవాళ్లకు చేతిరాత పత్రాలు ఇచ్చేవారు. డాన్ శ్రేణులను, అంటే బ్లాక్ బెల్ట్ స్థాయి మెట్లను, 1880లలో కానో మొదలుపెట్టాడు. మధ్యలోని రంగురంగుల బెల్టులు ఆ తర్వాత యూరప్ జూడో క్లబ్బుల్లో, విద్యార్థులకు ప్రోత్సాహంగా వచ్చాయి. బ్రెజిలియన్ జియు-జిట్సులో బ్లాక్ బెల్ట్‌కి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది, కొన్ని కరాటే బడుల్లో మూడు నాలుగేళ్లలో వస్తుంది. కాబట్టి ఒక విద్యలోని బెల్ట్‌ను మరో విద్యతో పోల్చలేం. జపాన్ భాషలో మొదటి డాన్‌ను షోడాన్ అంటారు, ఆ మాటకు తొలి మెట్టు అని అర్థం. పరీక్షకు పేరు ఎప్పుడు ఇవ్వాలో గురువుకి వదిలెయ్యండి.

మధ్యలో ఆగిపోతే

పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, జబ్బు, ఏదో ఒకటి వచ్చి ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతారు. మూడు నెలలు వెళ్లకపోతే ఇక మొహం చూపించడానికే సిగ్గేస్తుంది. నేను మోచేతి దెబ్బ తర్వాత తగ్గాక కూడా రెండు వారాలు ఈ మొహమాటంతోనే ఇంట్లో కూర్చున్నాను.

తిరిగి వెళ్లేటప్పుడు ముందు గురువుకి ఒక మెసేజ్ పెట్టండి: ఫలానా రోజు వస్తున్నాను, ఇన్నాళ్లు గ్యాప్ వచ్చింది, ఫలానా చోట నొప్పి ఉంది. మొదటి రెండు వారాలు కొత్తవాళ్ల వరుసలోనే నిలబడండి. పాత వేగం మనసుకి గుర్తుంటుంది, ఒంటికి ఉండదు. గాయాలు ఎక్కువగా అక్కడే అవుతాయి. స్పారింగ్ వద్దు, ఉకెమితో మళ్లీ మొదలుపెట్టండి. నేను వెళ్లిన రోజు ఆ కుర్రాడే ఎదురొచ్చి, "ఇవాళ నాతో చెయ్యి అన్నా, మెల్లగా" అన్నాడు. ఆ రోజు ఏడుసార్లు ట్యాప్ చేశాను.